సగానికి కోసిన బిల్లు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్ల పే స్లిప్పులో ఫెడరల్ ట్యాక్స్, స్టేట్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ లాంటి పెద్ద కోతల కింద ఇంకో చిన్న వరస కనిపిస్తుంది. సీఏ ఎస్‌డీఐ. 2025లో ఆ కోత జీతంలో 1.2 శాతం. ఏడాదికి లక్ష డాలర్ల జీతమైతే 1,200 డాలర్లు. పోయే డబ్బుల్లో ఇదొకటి అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇంట్లో పురుడొచ్చినప్పుడో, పెద్దవాళ్లెవరైనా మంచాన పడినప్పుడో దాని సంగతి తెలుస్తుంది. ఎనిమిది వారాల పాటు ఉద్యోగి ఇంటిపట్టున ఉంటే, జీతంలో 70 నుంచి 90 శాతం దాకా చేతికొస్తుంది. ఇచ్చేది కంపెనీ కాదు, ఆ కోతలతో నిండిన నిధి. 2025లో వారానికి 1,681 డాలర్లు మించి ఇవ్వలేదు కాబట్టి పెద్ద జీతగాళ్లకు ఆ శాతం లెక్క కాగితం మీదే మిగిలిపోయింది, అది వేరే విషయం.

ఎస్‌డీఐ 1946 నాటి బీమా. తనకే ఒంట్లో బాగాలేక పనికి వెళ్లలేని కార్మికుడి కోసం పెట్టింది. పుట్టిన బిడ్డను చూసుకోవడానికీ, జబ్బుపడ్డ అమ్మకు వేళకు మందులివ్వడానికీ కూడా ఆ ఏర్పాటే అక్కరకొస్తుందని 2002లో దానికి కొత్త గది కట్టినావిడ ఒకప్పటి టీవీ నటి. పేరు షీలా క్యూల్.

అమెరికాలో ఆ తరంవాళ్లకు ఆమె జెల్డాగానే గుర్తు. 1959 నుంచి 1963 దాకా సీబీఎస్‌లో వచ్చిన ‘ది మెనీ లవ్స్ ఆఫ్ డోబీ గిల్లిస్’ అనే హాస్య ధారావాహికలో జెల్డా గిల్రాయ్ తెలివైన పిల్ల. హీరో తనవాడేనని తీర్మానించేసుకుని, అతని ఎదుట నిలబడి ముక్కు ముడిచేది. అతగాడు వద్దువద్దనుకుంటూనే తనకు తెలియకుండా తిరిగి ముక్కు ముడిచేవాడు. ఆ పాత్ర బాగా పండటంతో జెల్డా పేరుతోనే వేరే సీరియల్ తీయాలని మొదటి భాగం కూడా చిత్రీకరించారు. అది అక్కడితో ఆగిపోయింది. ఆమెలో ఆడతనం తక్కువగా ఉందని చానెల్ పెద్దకు అనిపించిందట. నటన అవకాశాలు సన్నగిల్లాక ఆమె యూనివర్సిటీ కొలువులో చేరారు. 34 ఏళ్ల వయసులో హార్వర్డ్‌లో లా చదవడానికి వెళ్లారు, తర్వాత లా ప్రొఫెసర్ అయ్యారు. 1994లో కాలిఫోర్నియా అసెంబ్లీకి ఎన్నికైనప్పుడు, తాను స్వలింగ సంపర్కురాలినని దాచుకోకుండా ఆ చట్టసభలో అడుగుపెట్టిన మొదటి వ్యక్తి ఆమె. ఆరేళ్లు అసెంబ్లీలో, ఎనిమిదేళ్లు సెనేట్‌లో ఉన్నారు. అప్పట్లో అక్కడ అంతకంటే ఎక్కువ కాలం ఉండనిచ్చేవారు కాదు. 1990లో ప్రజలు ఓటేసి పెట్టుకున్న గడువు అది.

మన ఎమ్మెల్యేకూ అక్కడి ఎమ్మెల్యేకూ ఒక తేడా ముందే చెప్పుకోవాలి. మన దగ్గర బిల్లంటే దాదాపు ఎప్పుడూ ప్రభుత్వం తెచ్చేదే. స్వాతంత్ర్యం వచ్చాక మన పార్లమెంటులో మంత్రులు కాని సభ్యులు తెచ్చిన బిల్లుల్లో గట్టెక్కినవి 14 మాత్రమే, చివరిది 1970లో. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోలో అలా కాదు. 80 మంది అసెంబ్లీ సభ్యులు, 40 మంది సెనేటర్లు ఎవరికి వారే బిల్లు రాసుకుంటారు, దాని మీద తమ పేరు వేసుకుంటారు, ఓట్లు తామే కూడగట్టుకుంటారు. రెండు సభలూ దాటాక బిల్లు గవర్నర్ బల్ల మీదికి చేరుతుంది. అక్కడి గవర్నర్ మన రాష్ట్రాల గవర్నర్ లాంటివారు కాదు, ప్రజలు నేరుగా ఎన్నుకున్న పాలకుడు. సంతకం పెట్టవచ్చు, వీటో చేయవచ్చు. వీటోను కొట్టేయాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. కాలిఫోర్నియాలో అలా జరిగి నలభై ఏళ్లు దాటింది. కాబట్టి వీటో అయిన బిల్లును నెత్తికెత్తుకున్నవాళ్లు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిందే. గవర్నరైనా మారాలి, బిల్లైనా మారాలి.

క్యూల్ పేరు మొదట మోగింది ఆస్పత్రుల్లో. 1990లలో అమెరికా ఆస్పత్రులు ఖర్చు తగ్గించుకోవడానికి నర్సుల సంఖ్య మీద పడ్డాయి. లైసెన్సున్న నర్సుల పని కొంత సహాయకులకు అప్పజెప్పాయి. ఒక్కో నర్సు మీద రోగుల భారం పెరిగింది. ఒక్క నర్సుకు ఎంతమంది రోగులు మించకూడదో చట్టంలోనే రాయాలని కాలిఫోర్నియా నర్సుల సంఘం పట్టుబట్టింది. క్యూల్ 1998లో తెచ్చిన బిల్లును అప్పటి గవర్నర్ పీట్ విల్సన్ వీటో చేశారు. మరుసటి ఏడు గ్రే డేవిస్ గవర్నరయ్యాక ఆమె మళ్లీ తెచ్చారు. ఈసారి సంతకం పడింది. అమెరికాలో ఆస్పత్రి మొత్తానికి ఇలాంటి లెక్క కట్టిన రాష్ట్రం అదే మొదటిది.

సంతకం పడితే పనైపోలేదు. ఏ వార్డుకు ఎంతమంది అన్న లెక్క తేల్చేసరికి నాలుగేళ్లు పట్టింది. 2004 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరు రోగులు, ఎమర్జెన్సీలో నలుగురు, మామూలు మెడికల్, సర్జికల్ వార్డుల్లో ఆరుగురు. ఏడాది తిరిగేసరికి ఆ ఆరును ఐదు చేయాలి.

అసలు గొడవ భోజనం దగ్గర వచ్చింది. ఆరుగురు రోగులను చూసుకునే నర్సు అరగంట తిండికి వెళుతుంది. వెళుతూ వెళుతూ పక్క నర్సుకు ‘కాస్త నా వాళ్లనూ చూడవే’ అని చెబుతుంది. ఏ దేశంలోనైనా వార్డుల్లో జరిగేది ఇదే. కానీ ఆ అరగంటా పక్క నర్సు చేతిలో పన్నెండు మంది. నిబంధనల్లో ‘అన్ని వేళలా’ అన్న రెండు మాటలున్నాయి. అంటే భోజనానికి వెళ్లినా, బాత్రూంకు వెళ్లినా లెక్క తప్పకూడదు, బదులుగా వచ్చే నర్సు వేరే ఉండాలి. ఇది ఎక్కడి చోద్యమని ఆస్పత్రుల సంఘం కోర్టుకెక్కింది. 2004లో జడ్జి నర్సుల వైపే తీర్పిచ్చారు. ఆ రెండు మాటలు రాసినవాళ్లకు వార్డు లోపలి సంగతి తెలుసు. చట్టం పని చేసిందంటే అందులో సగం పుణ్యం ఆ మాటలదే.

అదే ఏడాది చివర్లో కొత్త గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, ఆరును ఐదు చేసే గడువును అత్యవసర ఉత్తర్వుతో వాయిదా వేశారు. ఓ మహిళా సదస్సులో నర్సులు నిరసనకు దిగితే వాళ్లను స్వప్రయోజనాల ముఠా కింద జమకట్టి ఎగతాళి చేశారు. ‘టెర్మినేటర్’ హీరోకు అది కలిసిరాలేదు. ఆయన వెళ్లిన చోటల్లా నర్సులు ప్రత్యక్షమయ్యారు. 2005 మార్చిలో వాయిదా చెల్లదని కోర్టు చెప్పింది. ఆ నవంబరులో ఆయన ప్రజల ముందు పెట్టిన ప్రతిపాదనలన్నీ ఓడిపోయాయి.

ఇంతకీ రోగులకు మేలు జరిగిందా? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఐకెన్ బృందం 22 వేల మందికి పైగా నర్సుల సమాధానాలతో 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. కాలిఫోర్నియా లెక్కన నర్సులను పెట్టుకుని ఉంటే శస్త్రచికిత్స రోగుల మరణాలు న్యూజెర్సీలో 13.9 శాతం, పెన్సిల్వేనియాలో 10.6 శాతం తగ్గేవని దాని అంచనా. రోగులు కిందపడటం, మంచంపుండ్లు లాంటివి లెక్కపెట్టిన తొలి నాళ్ల పరిశీలనల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. మిగతా రాష్ట్రాలు ఈ దారిలోకి ఎగబడి రాలేదు. మసాచుసెట్స్‌లో 2018లో ఇదే విషయం ప్రజల ఓటుకు పెడితే ఓడిపోయింది. ఒరెగాన్ 2023లో చట్టం చేసుకుంది.

ఇక సెలవు సంగతి. అమెరికాలో 1993 నుంచి ఒక జాతీయ చట్టం ఉంది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలో పురుటికో జబ్బుకో 12 వారాల సెలవిస్తారు, జీతం మాత్రం ఇవ్వరు. అద్దె కట్టుకోవాల్సిన ఇంట్లో జీతం లేని సెలవు ఎవరికి కావాలి? క్యూల్ 2002లో సెనేట్‌లో పెట్టిన బిల్లు ఆ 12 వారాలకూ డబ్బు ఇమ్మంది. ఖర్చు యజమాని సగం, ఉద్యోగి సగం భరించాలంది. వ్యాపార సంఘాలు మండిపడ్డాయి. ఉద్యోగాలను మింగే బిల్లని పేరు పెట్టాయి.

అప్పుడు ఆమె కత్తెర తీశారు. 12 వారాలు ఆరయ్యాయి. యజమానుల వాటా పూర్తిగా పోయింది, మొత్తం భారం ఉద్యోగి జీతం మీదే పడింది. వచ్చే డబ్బు జీతంలో సుమారు 55 శాతం. సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ఉద్యోగం అలాగే ఉంటుందన్న హామీ ఆ బిల్లులో లేనేలేదు. 2002 సెప్టెంబరు 23న డేవిస్ సంతకం పెట్టారు. 2004 జులై 1 నుంచి డబ్బు ఇవ్వడం మొదలైంది. జీతంతో కూడిన కుటుంబ సెలవు చట్టం అమెరికాలో అదే మొదటిది, సగానికి కోసినా సరే.

యజమానుల వాటా తీసేయడం ఓటమిలాగే కనిపిస్తుంది. కానీ అందులో ఒక తెలివి ఉంది. మన దేశంలో 2017 సవరణ తర్వాత పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల్లో తల్లులకు 26 వారాల సెలవు, పూర్తి జీతం. ఈఎస్‌ఐ పరిధిలోకి రాని చోట ఆ జీతం యజమానే ఇచ్చుకోవాలి. పెళ్లయిన అమ్మాయిని ఇంటర్వ్యూలో ‘పిల్లల సంగతేంటి’ అని అడిగే మేనేజర్ల మనసులో ఈ లెక్కే తిరుగుతూ ఉంటుంది. కాలిఫోర్నియాలో డబ్బిచ్చేది నిధి కాబట్టి, ఆ పద్దు కింద యజమానికి పైసా ఖర్చు లేదు. తల్లితో పాటు తండ్రికీ అంతే హక్కు. మొదటి ఏడాది బిడ్డ కోసం ఈ సెలవు తీసుకున్నవాళ్లలో మగవాళ్లు ఐదోవంతు కూడా లేరు. తర్వాతి పదిహేనేళ్లలో మూడోవంతు దాటారు.

ఐలీన్ ఆపిల్‌బామ్, రూత్ మిల్క్‌మన్ అనే పరిశోధకులు 253 సంస్థలను విచారించి 2011లో ఫలితాలు చెప్పారు. పని మీద చెడు ప్రభావమేమీ లేదని పదింట తొమ్మిది సంస్థలు చెప్పాయి. ఉద్యోగాలను మింగుతుందన్న బిల్లు ఏమీ మింగలేదు. అసలు లోటు వేరే చోట బయటపడింది. ఈ సెలవుకు అర్హులైన ఉద్యోగుల్లో దాదాపు సగం మందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. తెలిసినా, చిన్న జీతంలో సగం పోతే గడవదు. నెలనెలా డబ్బు కట్టింది వాళ్లే, వాడుకోలేకపోయిందీ వాళ్లే. తల్లుల సెలవు సగటున మూడు వారాల నుంచి ఆరేడు వారాలకు పెరిగిందని ఒక అధ్యయనం తేల్చింది. తొలి కాన్పు తల్లుల సంపాదన పదేళ్ల తర్వాత కొంత తగ్గి కనిపించిందని 2019లో ఇంకో పరిశోధన చెప్పింది. ఈ వాదన ఇంకా తెగలేదు.

కోసేసిన ముక్కలు మాత్రం ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. తెచ్చింది వేరే సభ్యులు. 2014 నుంచి అత్తమామలు, అవ్వాతాతలు, తోబుట్టువులు కూడా కుటుంబం లెక్కలోకి వచ్చారు. కాలిఫోర్నియా చట్టం భాషలో అత్తగారు కుటుంబ సభ్యురాలు కావడానికి పదేళ్లు పట్టిందన్నమాట! 2020లో ఆరు వారాలు ఎనిమిదయ్యాయి. సెనేటర్ హన్నా బెత్ జాక్సన్ బిల్లుతో 2021 నుంచి, ఐదుగురు ఉద్యోగులున్న చిన్న సంస్థలో కూడా సెలవయ్యాక ఉద్యోగం తిరిగి దొరుకుతుందన్న హామీ వచ్చింది. 55 శాతం సంగతి పూర్తిగా తేలడానికి ఇంకా ఆలస్యమైంది. డబ్బు పెంచే బిల్లును గవర్నర్ న్యూసమ్ 2021లో వీటో చేశారు. మారియా ఎలీనా డురాజో 2022లో తెచ్చిన బిల్లుకు సంతకం పెట్టారు. 2025 నుంచి చిన్న జీతాలకు 90 శాతం, మిగతావాళ్లకు 70 శాతం వస్తోంది. ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, 2024లో కోతకున్న పైకప్పు ఎత్తేశారు. అంతకుముందు జీతం ఎంతున్నా 1,53,164 డాలర్ల దాకానే ఎస్‌డీఐ పట్టేవాళ్లు. రెండు లక్షల డాలర్ల ఇంజనీరుకు 2023లో 1,378 డాలర్లతో సరిపోయిన కోత, మరుసటి ఏడు 2,200 అయింది. ఆ జనవరి పే స్లిప్పు చూసి గొణుక్కున్నవాళ్లలో మనవాళ్లు తక్కువేం ఉండరు. ఎవరి పురుడు ఎవరి ఖర్చుతో జరుగుతోందన్నది అప్పుడే గదా తెలిసేది.

2025 నాటికి 13 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ ఈ బాట పట్టాయి. అన్ని చోట్లా ఒకే నడక కాదు. వాషింగ్టన్ రాష్ట్రం 2007లోనే చట్టం చేసి, డబ్బెక్కణ్నుంచో రాయడం మరిచింది. పదేళ్లు అది కాగితమే. మేరీల్యాండ్ 2022లో గవర్నర్ వీటోను కాదని మరీ చట్టం చేసింది, వాయిదాల మీద వాయిదాలతో సెలవు డబ్బు 2028 జనవరికి జరిగింది. ఆ మేరీల్యాండ్‌లో 2023 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్ హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్, పుట్టింటి పేరు కాట్రగడ్డ. అక్కడి ఎమ్మెల్యే కాకముందు నుంచే ఆమె మాంట్‌గమరీ కౌంటీలో రోడ్ల ఇంజనీరుగా పనిచేశారు. 2023 మార్చిలో బాల్టిమోర్ దగ్గర హైవే మీద పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు కారు దూసుకొచ్చి చనిపోయారు. రోడ్డు పనుల దగ్గర భద్రత కోసం వేసిన బృందానికి ఆమే నాయకత్వం వహించారు. అలాంటి చోట ఎంత వేగంగా వెళ్లినా 40 డాలర్లే ఉన్న కెమెరా జరిమానా ఇప్పుడు వేగాన్ని బట్టి పెరుగుతుంది. కార్మికులు ఉన్నప్పుడు దూసుకుపోతే వెయ్యి డాలర్ల దాకా పడుతుంది.

రోడ్డు మాట వచ్చింది కాబట్టి కాలిఫోర్నియా సెనేట్‌లో క్యూల్‌తో పాటు ఉన్న జో సిమిటియన్ సంగతి చెప్పుకోవాలి. పాలో ఆల్టో మనిషి. ‘ఇలాంటి చట్టం ఒకటి ఉండాలి’ అని ప్రజల నుంచి ఏటా ఆలోచనలు పిలిచి, బాగున్నవాటిని బిల్లులుగా తెచ్చేవారు. బండి నడుపుతూ సెల్‌ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడకూడదన్న బిల్లు మాత్రం ఆయన సొంత పట్టుదల. 2001లో మొదలుపెడితే 2006లో గానీ సంతకం పడలేదు. అమలు 2008 జులై 1 నుంచి. లారీ డ్రైవర్లు బటన్ నొక్కి మాట్లాడే ఫోన్లకు 2011 దాకా మినహాయింపు కూడా ఇవ్వాల్సి వచ్చింది. మొదటి తప్పుకు జరిమానా 20 డాలర్లు, పైన వేసే రుసుములు కలిస్తే ఇప్పుడు 150 దాటుతుంది.

ఆ సంతకం పడేనాటికి ఐఫోన్ పుట్టలేదు. మరుసటి ఏడాది పుట్టింది. ఫోన్ అంటే మాట్లాడేదనే ఆ చట్టం అనుకుంది. మెసేజ్‌లు కొట్టడాన్ని ఆపడానికి సిమిటియన్ ఇంకో బిల్లు తేవాల్సి వచ్చింది. తర్వాత ఫ్రెస్నోలో ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్న ఒకాయన, దారి చూద్దామని ఫోన్‌లో మ్యాప్ తెరిచి పోలీసుకు దొరికాడు. జరిమానా కట్టకుండా పై కోర్టు దాకా పోయాడు. మ్యాప్ చూడటం మాట్లాడటం కిందికి రాదని 2014లో తీర్పొచ్చింది. ఆ కంతను 2017 నుంచి ఇంకో చట్టంతో పూడ్చారు. ఫోన్ ఏ పనికైనా సరే చేతిలో ఉండకూడదు, స్టాండుకు బిగించి ఒక్కసారి తాకడమో జరపడమో చేయవచ్చు. అయినా చేత్తో పట్టుకుని మ్యాప్ కేవలం ‘చూడటం’ తప్పా అన్న వాదన మళ్లీ కోర్టుకెక్కి, తప్పేనని తేలేసరికి 2025 జూన్ అయింది. ప్రమాదాల విషయంలోనూ లెక్కలు కలవవు. చట్టానికి ముందు రెండేళ్లతో పోలిస్తే తర్వాతి రెండేళ్లలో రోడ్డు మరణాలు 22 శాతం తగ్గాయని 2012లో బర్క్‌లీ పరిశోధకులు చెప్పారు. అవి ఆర్థిక మాంద్యపు రోజులు, రోడ్ల మీద బండ్లే తగ్గాయి. చట్టానికి ముందూ వెనకా ఆరేసి నెలలు పోల్చి చూసిన ఇంకో బృందానికి 2014లో తేడా ఏమీ దొరకలేదు.

క్యూల్ కోయడానికి ఒప్పుకోని బిల్లు ఒకటుంది. రాష్ట్రంలో ప్రతి ఒక్కరికీ వైద్యం, బీమా కంపెనీలు లేకుండా ప్రభుత్వమే ఖర్చు భరించే పద్ధతి. ఆమె 2006లో దాన్ని రెండు సభలూ దాటించారు. ష్వార్జ్‌నెగర్ వీటో చేశారు. 2008లో మళ్లీ దాటించారు, మళ్లీ వీటో. ఈ రెంటి మధ్యలో విచిత్రం ఒకటి జరిగింది. గవర్నర్ తన వంతుగా ఒక నడిమి మార్గం తెచ్చారు. బీమా కంపెనీలు ఉంటాయి, అందరూ బీమా తీసుకోవాలి, లేనివారికి సాయం. రెండేళ్ల తర్వాత ఒబామా తెచ్చిన చట్టానికి దగ్గరి చుట్టం లాంటిది. అసెంబ్లీ దాటిన ఆ బిల్లు 2008 జనవరిలో సెనేట్ ఆరోగ్య కమిటీ ముందుకొచ్చి అక్కడే వీగిపోయింది. ఆ కమిటీకి అధ్యక్షురాలు క్యూల్. ఆమె కూడా దాన్ని వ్యతిరేకించారు. ఖర్చు లెక్కలు నిలబడవన్నది అభ్యంతరం. ఆరు వారాలకు సరేనన్న మనిషి ఇక్కడ సగానికి ఎందుకు సరేననలేదు? సెలవు బిల్లు కొసకు ఇంకో ముక్క అతకవచ్చు, బీమా కంపెనీలను ఒకసారి చట్టంలో కూర్చోబెడితే లేపడం కష్టం అన్న లెక్క అయి ఉండాలి. ఆ లెక్క ఒప్పా తప్పా అన్నది వేరే మాట. ఆ ఏడాది చివరికి ఆమె గడువు ముగిసింది. బీమా లేనివాళ్లు బీమా లేకుండానే మిగిలారు.

ఆ బిల్లు వారసత్వం తర్వాత శాన్ హోసే అసెంబ్లీ సభ్యుడు యాష్ కల్రా చేతికొచ్చింది. కాలిఫోర్నియా చట్టసభకు ఎన్నికైన మొదటి భారత సంతతి మనిషి ఆయన. 2022లో ఓట్లు చాలవని సభ ముందు పెట్టలేదు. 2024లో మళ్లీ తెచ్చారు. చెప్పుకోదగ్గంత డబ్బు ఖర్చయ్యే బిల్లులన్నీ అక్కడ ఒక కమిటీ దగ్గర ‘సస్పెన్స్ ఫైల్’ అనే పెట్టెలో పడతాయి. ఏడాదికి రెండుసార్లు పెట్టె తెరిచే రోజు వస్తుంది. ఆ రోజు చర్చ ఉండదు. కమిటీ పెద్ద వందల బిల్లుల నంబర్లు ఏకబిగిన చదువుకుంటూ పోతారు, ఒక్కోదాని పక్కన ఒక్కో మాట: వెళ్లింది, ఆగింది. 2024 మే నెలలో ఆ చదువులో కల్రా బిల్లు నంబరు వచ్చింది. ఆగింది అన్నారు, తర్వాతి నంబరు చదివారు.